పశువైద్యం, ప్రశ్నలూ సమాధానాలూ: రక్తం తీశారు, రిపోర్టు వచ్చింది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పోయిన సంచికలో పశువుల అంటువ్యాధుల పరీక్షలపై సందేహాలు రాసి పంపమని కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ "రిపోర్టులో ఇలా వచ్చింది, నమ్మవచ్చా?" అన్న మాట కనబడింది. పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి, ఎవరైనా రిపోర్టు తెచ్చి చూపితే నేను మొదట అడిగేది ఆ నమూనాను ఏ రోజున, పశువు ఏ స్థితిలో ఉండగా, ఎలా తీశారనే. ఈ జవాబులను కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ప్రశ్న: మాకు ఎనిమిది సంకరజాతి ఆవులు ఉన్నాయి. రెండు నెలల్లో రెండు ఆవులు ఏడో నెల చూడిలో ఈసుకుపోయాయి. రెండింటికీ మాయ పడలేదు. రెండోది ఈసుకుపోయిన మూడో రోజున పశువైద్యశాల వారు వచ్చి అన్నింటికీ రక్తం తీసి పంపారు. ఆ రెండో ఆవుకు బ్రూసెల్లా లేదని, ఏ జబ్బూ లేకుండా చక్కగా మేస్తున్న పదకొండు నెలల పెయ్యకు ఉందని రిపోర్టు వచ్చింది. సీసాలు తారుమారయ్యాయా? (ఒక పాడి రైతు, పలమనేరు)

సమాధానం: అమ్మా, సీసాలు తారుమారు కావడం అప్పుడప్పుడు జరిగేదే గాని, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అలా జరగకుండానే ఈ రెండు ఫలితాలూ రావడానికి అవకాశం ఉంది. ముందు ఆ పరీక్ష ఏం చూస్తుందో చెబుతాను. దాన్ని రోజ్ బెంగాల్ పరీక్ష అంటారు. తెల్లటి పలక మీద మీ ఆవు సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం, ఒక చుక్క, దాని పక్కన గులాబీ రంగు పట్టించిన, చంపేసిన బ్రూసెల్లా సూక్ష్మజీవుల ద్రవం ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకను నాలుగు నిమిషాల పాటు అటూ ఇటూ వంచుతూ చూస్తారు. సీరంలో బ్రూసెల్లాను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటే ఆ గులాబీ చుక్క విరిగిన పాలలాగా పలుకులు కడుతుంది, లేకపోతే ఎంత కదిపినా నున్నగానే ఉంటుంది. అంటే ఈ పరీక్షలో సూక్ష్మజీవి నేరుగా కనబడదు, దాన్ని చూసి పశువు శరీరం తయారు చేసుకున్న ప్రతిరక్షకాలు మాత్రమే కనబడతాయి.

ఇప్పుడు మీ పెయ్య సంగతి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. ఇది బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవితో చేసిన టీకా, పేరు ఎస్-19. ఈ టీకా వేసిన దూడ రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టి తీరాలి, అందుకోసమే టీకా వేస్తాం. సాధారణంగా ఏడాదిన్నర వయసు వచ్చేసరికి అవి తగ్గిపోతాయి, ఆలస్యంగా వేసిన పశువుల్లో మాత్రం ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి. కాబట్టి పెయ్య చెవికి ఉన్న పసుపురంగు పోగు మీది పన్నెండు అంకెల సంఖ్యను పశువైద్యశాలలో చూపించి, ఆ దూడకు ఎప్పుడు ఏ టీకా వేశారో రికార్డులో చూడమని అడగండి. ఎనిమిది నెలల లోపు టీకా పడి ఉంటే ఈ వయసులో ఈ ఫలితాన్ని చూసి పెయ్యను అమ్మేయవలసిన పని లేదు, ఏడాదిన్నర దాటాక మళ్లీ పరీక్ష చేయించండి. టీకా పడలేదని తేలితే మాత్రం విషయం వేరు. అప్పుడు దాన్ని మిగతా వాటి నుంచి విడిగా కట్టి, ప్రతిరక్షకాలనే వెతికే మరో పరీక్ష అయిన ఎలీసాకు రక్తం పంపించాలి.

ఈసుకుపోయిన ఆవు రిపోర్టు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. బ్రూసెల్లా సోకిన ఆవుల్లో కొన్నింటికి దూడ పడిపోయే నాటికి రక్తంలో ప్రతిరక్షకాలు కనబడేంతగా ఉండవు, ఆ తరువాత రెండు మూడు వారాలకు గాని పెరగవు. మీ ఆవుకు మూడో రోజునే రక్తం తీశారు. ఆ రోజు నున్నగా ఉన్న చుక్క మూడు వారాల తరువాత పలుకులు కట్టవచ్చు. కనుక ఆ రిపోర్టును "లేదు" అని చదవకుండా "ఇంకా తెలియలేదు" అని చదువుకొని, మూడు వారాలు నిండాక మరోసారి రక్తం తీయించండి. ఏడో నెలలో ఈసుకుపోవడం, మాయ నిలిచిపోవడం, రెండు నెలల్లో రెండు పశువులకు అలాగే కావడం, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు పశువైద్యులు మొదట అనుమానించేది బ్రూసెల్లానే. లెప్టోస్పైరా, ఐబీఆర్ వంటి ఇతర అంటువ్యాధుల వల్ల కూడా ఈసుకుపోతాయి కాబట్టి, మిగిలిన సీరంతో వాటిని కూడా చూడమని కోరవచ్చు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే పడిపోయిన దూడనూ మాయనూ పెంటలో పారేయకండి, కుక్కల పాలు చేయకండి. పశువైద్యుడికి ఫోన్ చేసి ఆయన వచ్చేదాకా ముట్టకుండా కప్పి ఉంచండి. ఆ దూడ నాలుగో పొట్టలో ఉండే ద్రవాన్ని శుభ్రమైన సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్లు తీసి, మాయ మీద గుండీలాగా ఉండే ముక్క ఒకదానితో కలిపి ఐసులో పంపిస్తే, ప్రయోగశాలలో సూక్ష్మజీవినే నేరుగా పట్టుకునే వీలుంటుంది. రక్తం మీద నడిచే వాదనలన్నీ అక్కడితో తీరిపోతాయి. నమూనా తీశాక మిగిలినదాన్ని చేతులకు తొడుగులు వేసుకొని, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

చివరగా, మీ ఇంటివాళ్ల గురించి. బ్రూసెల్లా మనుషులకు సోకుతుంది. చేతికి తొడుగు లేకుండా మాయ లాగినవారికి, పచ్చిపాలు తాగినవారికి వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు రావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి జ్వరం ఉంటే, డాక్టరు గారు అడగకపోయినా "మా ఆవులు ఈసుకుపోయాయి" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల మలేరియాకనీ టైఫాయిడ్‌కనీ నెలల పాటు మందులు మింగిన పాడి రైతులను నేను చూశాను. పాలు పొంగు వచ్చేదాకా కాచకుండా ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: నిన్న సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంది. పొట్ట బాగా ఉబ్బింది, ముక్కులోంచీ వెనుక నుంచీ నల్లటి రక్తం కారింది. వారం కిందట ఇంకో గొర్రె కూడా ఇలాగే పోయింది. కోసి లోపలి భాగాలు తీసి పరీక్షకు పంపితే రోగం తెలుస్తుందని ఒకరు అంటున్నారు. ఎలాంటప్పుడు కోయాలి, ఎలాంటప్పుడు కోయకూడదు? (ఒక గొర్రెల కాపరి, వనపర్తి జిల్లా)

సమాధానం: తమ్ముడూ, మీరు రాసిన లక్షణాలతో చచ్చిపోయిన జీవాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. హఠాత్తుగా చావడం, వెంటనే ఉబ్బడం, శరీర రంధ్రాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారడం కనబడితే అది దొమ్మ రోగం కాదని తేలేవరకు దొమ్మ రోగమనే అనుకోవాలి. దీన్నే ఆంత్రాక్స్ అంటారు. శవం లోపల ఉన్నంతసేపు ఆ సూక్ష్మజీవులు కుళ్లుతో పాటు నశించిపోతాయి, కోసిన శవంలో గాలి తగిలితే మాత్రం గట్టి పొరగల బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటాయి. ఒకసారి కోసిన చోటు ఆ ఊరి మేతబీడుకు తరతరాల పీడ అవుతుంది. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం కోసి తిన్న గిరిజనులకు చేతుల మీద నల్లటి పుళ్లుగా ఈ రోగం సోకిన సంఘటనలు పలుమార్లు జరిగాయి.

కోయకుండానే రోగం తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది, అది చాలా తేలికైనది కూడా. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వారు వస్తారు. పశువైద్యుడు చేతులకు తొడుగులు వేసుకొని, గొర్రె చెవి సిరను సూదితో గుచ్చి, ఒక్క బొట్టు రక్తాన్ని గాజు పలక మీద పలుచగా పూస్తారు. తరువాత చెవికి దూది గట్టిగా అదిమి, రక్తం నేల మీద పడకుండా చూస్తారు. ఆ గాజు పలకకు పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ అనే రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే, ముదురు నీలంరంగు కడ్డీలు చివరలు నరికినట్టుగా, రెండు మూడు కలిసి పొట్టి గొలుసుల్లా కనబడతాయి. ప్రతి కడ్డీ చుట్టూ లేత గులాబీ రంగు పొర ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి ఆ గులాబీ పొరను చూసినప్పుడు, ఆ నమూనా తెచ్చిన కాపరి చేతుల వైపు చూశాను. ఆయన వేలి మీద తెగిన గాటు ఉంది. అప్పటికప్పుడే ఆయనను ప్రభుత్వాసుపత్రికి పంపించాం. ఆలస్యం కానందువల్ల ఆయన బాగుపడ్డారు.

ఈ పరీక్షకు గంటలే ముఖ్యం. ఎండలో మధ్యాహ్నం దాకా పడి ఉన్న శవం కుళ్లిపోతే రక్తపు పూతలో ఆ కడ్డీలు చెదిరిపోయి, వేరే సూక్ష్మజీవులే నిండుతాయి, రిపోర్టు "కనబడలేదు" అని వస్తుంది. అందుకని చూసిన వెంటనే ఫోన్ చేయండి. పూతలో దొమ్మ లేదని తేలిన తరువాత మాత్రమే శవపరీక్ష చేయించాలి. చిటుక రోగం వల్ల కూడా గొర్రెలు రాత్రికి రాత్రే పోతాయి, దాన్ని నిర్ధారించడానికి చిన్నపేగులోని ద్రవం కావాలి. దొమ్మ అని తేలితే శవాన్ని కోయకుండా కాల్చివేయడం మేలు, వీలుకాకపోతే కనీసం ఆరడుగుల లోతున పూడ్చి చుట్టూ కంప వేయాలి. మందలో మిగిలినవాటికి టీకా ఎప్పుడు వేయాలో పశువైద్యుడు చెబుతారు. అది సజీవ టీకా కాబట్టి ఆ రోజుల్లో మీ అంతట మీరు యాంటీబయాటిక్ సూదులు వేయించకండి, వేయిస్తే టీకా పనిచేయదు.

ప్రశ్న: మాకు పాతబస్తీలో పెళ్లి ఊరేగింపులకు పంపే నాలుగు గుర్రాలు, ఒక కంచరగాడిద ఉన్నాయి. పశుసంవర్ధక శాఖ వారు రక్తం తీసి హిస్సార్‌కు పంపారు. ఇప్పుడు ఒక గుర్రానికి మళ్లీ రక్తం కావాలంటున్నారు. గ్లాండర్స్ అని తేలితే దాన్ని చంపేస్తారని విన్నాం. దానికి మందులు వేయించి ఊరికి పంపేస్తే కుదరదా? అసలు రెండోసారి ఎందుకు అడుగుతున్నారు? (ఒక గుర్రాల యజమాని, హైదరాబాద్)

సమాధానం: అయ్యా, ఆ గుర్రం మీ కుటుంబానికి అన్నం పెడుతుందని తెలుసు కాబట్టి దాచకుండా చెబుతాను. దాన్ని ఎక్కడికీ పంపకండి. గ్లాండర్స్ గుర్రాలకూ గాడిదలకూ కంచరగాడిదలకూ వచ్చే ప్రాణాంతకమైన అంటువ్యాధి, మనిషికి కూడా సోకుతుంది. ముక్కు నుంచి జిగట చీము, ముక్కు లోపలి గోడ మీద పుళ్లు, కాళ్ల మీద దారానికి పూసలు గుచ్చినట్టు వరుసగా గడ్డలు కనబడటం దీని లక్షణాలు. పైకి ఏమీ కనబడకుండా రోగాన్ని మోసుకు తిరిగే గుర్రాలు కూడా ఉంటాయి, ఇంత కఠినంగా పరీక్షలు చేయడానికి కారణం అదే. దీనికి టీకా లేదు. మందు వేస్తే లక్షణాలు అణగిపోతాయే తప్ప రోగం పోదు, అందుకే చికిత్సకు అనుమతి లేదు. బ్రిటిష్ కాలంలో 1899లోనే దీని కోసం ప్రత్యేక చట్టం చేశారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం అనుమానం ఉన్న పశువును తరలించడం నేరం. నిర్ధారణ అయిన పశువును బాధ లేకుండా చంపించవలసి వస్తే యజమానికి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది, ఆ దరఖాస్తు గురించి మీ మండల పశువైద్యుడిని ముందే అడిగి ఉంచుకోండి.

రెండోసారి రక్తం అడిగారంటే మీ గుర్రానికి రోగం ఖాయమని అర్థం కాదు. హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధికి దేశంలో ప్రధానమైన ప్రయోగశాల. అక్కడ మొదట ఎలీసాతో జల్లెడ పడతారు, అందులో చిక్కిన సీరానికి కాంప్లిమెంట్ ఫిక్సేషన్ అనే మరో పరీక్ష చేస్తారు. ఇలా రెండు అంచెలు ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. వెయ్యి గుర్రాలు ఉన్నాయనీ, వాటిలో నిజంగా రోగం ఉన్నవి పదేననీ అనుకుందాం. మన పరీక్ష రోగం ఉన్న నూటిలో తొంభై ఐదింటిని పట్టుకుంటుంది, రోగం లేని నూటిలో రెండింటిని పొరపాటుగా "ఉంది" అంటుంది. ఇంత మంచి పరీక్షతో కూడా పదిలో తొమ్మిదో పదో దొరుకుతాయి, ఆరోగ్యంగా ఉన్న తొమ్మిది వందల తొంభైలో సుమారు ఇరవై కూడా వాటితో కలిసి వస్తాయి. అంటే "ఉంది" అని వచ్చిన ముప్పైలో మూడింట రెండు వంతులు ఏ రోగమూ లేనివే. రోగం అరుదుగా ఉన్న చోట ఒక్క పరీక్షను నమ్మి గుర్రాన్ని చంపడం ఎంత అన్యాయమో ఈ లెక్క చెబుతుంది. రెండో రక్తం తీసేది మీ గుర్రాన్ని ఆ ఇరవైలోంచి బయటికి తీసుకురావడానికి కూడా. మీ కంచరగాడిద విషయంలో ఒక మాట: గాడిద, కంచరగాడిదల సీరం కాంప్లిమెంట్ పరీక్షలో సరిగా కుదరదు, కాబట్టి దాని ఫలితానికి ఎలీసా మీదే ఎక్కువగా ఆధారపడతారు.

ఫలితం వచ్చేదాకా ఆ గుర్రాన్ని విడిగా కట్టి, దాని నీళ్ల తొట్టి, దాణా సంచి, గోకే బ్రష్షు, కళ్లెం మిగతావాటికి వాడకుండా ఉంచండి. ఊరేగింపులకు ఏ గుర్రాన్నీ పంపకండి. పెళ్లిళ్ల కాలంలో ఇది ఎంత నష్టమో తెలిసే చెబుతున్నాను. గుర్రం వీపు మీద కూర్చోబెట్టేది పెళ్లికొడుకును, ఒక్కోసారి అతని ఒళ్లో చిన్నపిల్లను.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. గుర్రాలకు మరో దొంగ రోగం ఉంది, అశ్వ రక్తహీనత వ్యాధి. ఒకసారి సోకితే ఆ వైరస్ గుర్రం బతికినంత కాలం రక్తంలోనే ఉంటుంది. 1970ల నుంచి ప్రపంచమంతా దీనికి కాగిన్స్ పరీక్ష చేస్తున్నారు. గాజు పళ్లెంలో జిగురు పోసి, అది గడ్డకట్టాక గుంటలు చేసి, ఒకదానిలో వైరస్ ప్రొటీనునూ పక్కదానిలో గుర్రం సీరాన్నీ పోసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ప్రతిరక్షకాలు ఉంటే ఆ రెండు గుంటల మధ్య జిగురులో తెల్లటి సన్నని గీత ఏర్పడుతుంది. సోకిన తరువాత నలభై ఐదు రోజుల దాకా ఆ గీత రాకపోవచ్చు, అందుకే కొత్తగా కొన్న గుర్రానికి ఒకసారి పరీక్ష చేయించి, అది పరిశుభ్రమని ధీమా పడకూడదు. ఈ రోగం జోరీగల ద్వారానే కాక సూదుల ద్వారా కూడా పాకుతుంది. ఒకే సూదితో లాయంలోని గుర్రాలన్నిటికీ వరుసగా ఇంజక్షన్ వేసేవారిని నేను చూశాను. దయచేసి గుర్రానికి ఒక సూది చొప్పున మీరే కొని ఇవ్వండి.

పరీక్షల ప్రయోజనం ఎంత దూరం వెళ్తుందో తెలియడానికి ఒక సంగతి. మీరట్‌లోని సైనిక అశ్వ, పశువైద్య కేంద్రాన్ని 2025 జూలైలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ వ్యాధిరహిత అశ్వ ప్రాంగణంగా గుర్తించింది. మన దేశంలో అలాంటి గుర్తింపు అదే మొదటిది. గ్లాండర్స్, అశ్వ రక్తహీనత, సర్రా, అశ్వ ఇన్‌ఫ్లుయెంజా, పైరోప్లాస్మోసిస్ అక్కడి గుర్రాల్లో లేవని తేల్చిచెప్పగలిగితేనే ఆ గుర్తింపు వస్తుంది. అది ఉంటేనే మన గుర్రాలు విదేశీ పోటీలకు వెళ్లిరావడం సులువవుతుంది.

ప్రశ్న: నేను పశువైద్య సహాయకుడిగా కొత్తగా చేరాను. మేము పంపే నమూనాలు చాలాసార్లు "పరీక్షకు పనికిరావు" అని తిరిగి వస్తున్నాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నామో చెప్పగలరా? (ఒక ఉద్యోగి, నల్లగొండ జిల్లా)

సమాధానం: బాబూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ప్రయోగశాలలో నేను పారబోయవలసి వచ్చిన నమూనాల్లో ఎక్కువ భాగం పాడయింది దారిలో. మొదటి పొరపాటు ఎర్రమూత గొట్టంలో రక్తం తీసి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టడం. అలా చేస్తే ఎర్రకణాలు పగిలి సీరమంతా కాకరపండు గుజ్జు రంగులోకి మారుతుంది, ప్రతిరక్షకాల పరీక్షకు పనికిరాదు. రక్తం తీశాక గొట్టాన్ని కదపకుండా ఏటవాలుగా గంట రెండు గంటలు నీడలో ఉంచితే గడ్డ ఒక పక్కకు చేరి, గడ్డి రంగు సీరం పైకి తేలుతుంది. దాన్ని వేరే గొట్టంలోకి వంచి, ఆ తరువాతే చల్లబరచాలి. రక్తపు పూతకు గాని, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు గాని అయితే ఊదా మూత గొట్టం కావాలి. అందులో రక్తం పోశాక ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలక్కొట్టకూడదు.

రెండోది, యాంటీబయాటిక్ వేసిన తరువాత నమూనా తీయడం. రైతు ఒత్తిడికి ముందు సూది వేసేసి, తగ్గకపోతే మూడో రోజున నమూనా పంపుతారు. అప్పటికి సూక్ష్మజీవి మా పళ్లెంలో మొలవదు. సూది వేసే ముందు రెండు నిమిషాలు ఆగి నమూనా తీసి పెట్టుకోండి, పంపవలసిన అవసరం రాకపోతే పారేయవచ్చు.

మూడోది ఫార్మలిన్, అంటే అవయవాల ముక్కలు కుళ్లకుండా ఉంచే ద్రవం. ఒకసారి ఆవకాయ సీసాలో కాలేయాన్ని మొత్తంగా కుక్కి, పైన ఒక గుక్కెడు ఫార్మలిన్ పోసి పంపారు. పైపొర గట్టిపడి లోపలంతా కుళ్లిపోయింది. ముక్క మందం చిటికెనవేలి అడ్డం మించకూడదు, దానికి పదింతల పది శాతం ఫార్మలిన్ ఉండాలి. అదే అవయవం నుంచి సూక్ష్మజీవుల పరీక్షకు మరో ముక్కను ఫార్మలిన్ లేకుండా విడి సీసాలో ఐసు మీద పంపాలి. ఫార్మలిన్ తగిలిన ముక్కలో ఏదీ బతకదు.

చీటీలను పెన్సిలుతోనే రాయండి. ఐసు కరిగి నీళ్లు తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది, అప్పుడు పది గొట్టాలూ ఒకేలా ఉంటాయి. పశువు వయసు, టీకా తేదీ, జబ్బు మొదలైన రోజు, వేసిన మందులు కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని విడిగా పాలిథీన్ సంచిలో పెట్టండి. రెండో శనివారం ముందు రోజున పార్సిల్ చేయకండి, అది సోమవారం దాకా బస్టాండులోనే ఉండిపోతుంది.

ప్రశ్న: గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు వేస్తున్నప్పుడు ప్రతి పశువు రక్తంలోనూ ప్రతిరక్షకాలు ఉంటాయి కదా. మరి ఏ పశువుకు నిజంగా రోగం సోకిందో రక్త పరీక్షతో ఎలా చెబుతారు? (ఒక విద్యార్థిని, గన్నవరం)

సమాధానం: మంచి ప్రశ్న అమ్మా. మన దేశంలో వాడే టీకాలో ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల గాలికుంటు వైరస్‌లను చంపి, వాటి పైకవచాన్ని శుద్ధి చేసి వాడతారు. టీకా పడిన పశువు ఆ కవచం మీదనే ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది. నిజమైన వైరస్ పశువు కణంలో దూరి పిల్లలు పెట్టేటప్పుడు మాత్రం కవచంలో లేని మరికొన్ని ప్రొటీన్లను తయారు చేస్తుంది. వాటి మీద ప్రతిరక్షకాలు ఉన్నాయంటే ఆ పశువులో వైరస్ పెరిగిందని అర్థం. ఆ ప్రొటీన్లను ఉపయోగించి చేసే ఎలీసాతోనే టీకా పశువునూ రోగం వచ్చిన పశువునూ వేరుచేస్తారు. టీకా శుద్ధి సరిగా లేకపోతే, అదీ పదేపదే వేస్తే, ఈ తేడా మసకబారుతుంది. అందుకే ఈ ఫలితాన్ని ఒక్క పశువు మీద తీర్పుగా వాడకుండా మంద మొత్తం ఎలా ఉందో చూడటానికి వాడతారు. పుండ్లు ఉన్న పశువు ఎదురుగా ఉంటే రక్తం కంటే నాలుక మీద అప్పుడే పగిలిన పొక్కు పొర ఎంతో మేలైన నమూనా, ఏ రకం వైరస్ వచ్చిందో అందులోనే తెలుస్తుంది.

ప్రశ్న: మా జెర్సీ ఆవుకు 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు నిమ్మకాయంత గడ్డ. ఒంటి నిండా పిడుదులు. థైలేరియా కావచ్చని చెవి రక్తం తీసి చూశారు, ఏమీ లేదన్నారు. జ్వరం మాత్రం తగ్గలేదు. (ఒక రైతు, తాడేపల్లిగూడెం)

సమాధానం: అయ్యా, థైలేరియా పరాన్నజీవి పిడుదు కాటుతో లోపలికి వెళ్లాక మొదట తెల్లకణాల్లో పెరుగుతుంది, కొన్ని రోజుల తరువాతే ఎర్రకణాల్లోకి వస్తుంది. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో చెవి రక్తంలో అది కనబడకపోవడం సహజమే. ఆ సమయంలో అది ఉండేది మీరు చెప్పిన ఆ గడ్డలోనే. పశువైద్యుడు సన్నని సూదితో గడ్డలోంచి కొద్దిగా ద్రవం తీసి గాజు పలక మీద పూసి, జీమ్సా రంగు వేసి చూస్తే, తెల్లకణాల లోపల నీలంరంగు చుక్కల గుంపులు కనబడతాయి. రోగం కుదిరి తిరిగే ఆవుల ఎర్రకణాల్లో కూడా ఒకటి అరా పరాన్నజీవులు మిగిలి ఉంటాయి కాబట్టి, రక్తంలో కనబడటం కన్నా గడ్డలో కనబడటమే ఇప్పటి జ్వరానికి గట్టి సాక్ష్యం. ఈ ఉత్తరం మీకు అందేలోపే ఆ పూత తీయించి ఉంటారని ఆశిస్తున్నాను. తీయించకపోతే, జ్వరం ఉండగానే ఈ రోజే తీయించండి. జెర్సీ ఆవు రక్తం తగ్గి కళ్లు తెల్లబడే దాకా ఆగితే మందు ఉన్నా నిలబెట్టడం కష్టం.